శత్రువు ఎక్కడ నిలబడాలో తేల్చేది ట్యాంకే

నలుగురైదుగురు పార్టీగా కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో డంజన్ అంటే శత్రువులను చంపుకుంటూ దాటాల్సిన చోటు. అందులో ఒక గది అనుకోండి. లోపల ఆరు మాబ్‌లు, అంటే ఆటే నడిపే శత్రువులు. గుమ్మానికి దగ్గరగా కత్తులు పట్టుకున్నవి నాలుగు, వాటి వెనక ఒక విలుకాడు, గది చివర మంత్రాలు వేసే కాస్టర్ ఒకడు. ఇద్దరు ట్యాంకులు, అంటే పార్టీ తరఫున దెబ్బలు తినే ఆటగాళ్లు, వేర్వేరు పార్టీలతో ఇదే గదికి వచ్చారు. క్లాస్ ఒకటే, లెవెల్ ఒకటే, గేర్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటివాడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు నేరుగా గది మధ్యలోకి దూకాడు. నాలుగు మాబ్‌లు చుట్టుముట్టాయి, అందులో రెండు వీపు వెనక్కి చేరాయి. విలుకాడు ఒక మూల నుంచి, కాస్టర్ ఇంకో మూల నుంచి కొడుతున్నారు. డీపీఎస్‌లలో (మాబ్‌లను చంపే పని వీళ్లది) ఒకడు విలుకాడి వెంట పడ్డాడు, ఇంకొకడు కాస్టర్ మీదికి వెళ్లాడు, మూడోవాడు ట్యాంక్ దగ్గరే ఏరియా స్కిల్స్ (చుట్టూ ఉన్న అందరికీ ఒకేసారి తగిలే దెబ్బలు) వేసుకుంటున్నాడు. నయం చేసే హీలర్ ట్యాంక్ హెల్త్ బార్ మీద నుంచి కళ్లు తిప్పలేని పరిస్థితి. గది క్లియర్ అయింది, కానీ హీలర్ మంత్రాలకి ఖర్చయ్యే మానా సగానికి పడిపోయింది, ఒక డీపీఎస్ నేల మీద ఉన్నాడు.

రెండోవాడు గుమ్మంలోనే ఆగి, దూరం నుంచి ఒక దెబ్బ విసిరి, వెనక్కి తిరిగి గుమ్మం పక్క గోడ చాటుకి వెళ్లాడు. కత్తులవాళ్లు నలుగురూ వెంట వచ్చారు. విలుకాడికీ కాస్టర్‌కీ ట్యాంక్ కనబడటం లేదు కాబట్టి వాళ్లు కూడా నడుచుకుంటూ రావాల్సి వచ్చింది. గోడ మలుపు తిరిగేసరికి ఆరుగురూ ఒకరి మీద ఒకరు పడేంత దగ్గరగా ఉన్నారు, అందరి మొహాలూ ట్యాంక్ వైపే. అప్పుడు డీపీఎస్‌లు మొదలుపెట్టారు.

ఇద్దరి డాలూ ఒకటే, కవచమూ ఒకటే. ఒక గుంపు ఎక్కడ నిలబడి చావాలో మొదటివాడు శత్రువులకే వదిలేశాడు, రెండోవాడు తానే తేల్చాడు. ట్యాంకింగ్ అంటే దెబ్బలు తినడం అనే మాట సగమే నిజం. దెబ్బలు తినడం చాలావరకు గేర్ చూసుకుంటుంది. మనిషి చూసుకోవాల్సింది చోటు.

ఈ రెండు పనులూ మొదటి నుంచీ ఒకే మనిషివి కావు. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆట వచ్చినప్పుడు పార్టీ అంటే వారియర్, క్లెరిక్, ఎన్‌చాంటర్ అన్న లెక్క గట్టిపడింది: ఒకరు దెబ్బలు తింటారు, ఒకరు నయం చేస్తారు, ఒకరు మిగతా మాబ్‌లను నిద్రపుచ్చి ఉంచుతారు. మాబ్‌లను ఉన్న చోటు నుంచి లాక్కొచ్చే పని చాలాసార్లు వేరే మనిషిది, దానికి పుల్లర్ అని పేరు. మాంక్‌లు ఇందులో దిట్ట. ఎక్కువ వెంటపడితే చచ్చినట్టు నటించి పడిపోయేవాళ్లు, మాబ్‌లు తిరిగి వెళ్లిపోతుంటే వెనకబడ్డ ఒకదాన్ని మాత్రం పట్టుకొచ్చేవాళ్లు. పార్టీ ఒక క్యాంప్ వేసుకుని కూర్చుంటే శత్రువు అక్కడికి వచ్చేది. తర్వాత 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాక ఐదుగురి డంజన్లలో గది నుంచి గదికి కదులుతూ పోవడం అలవాటైంది, లాక్కొచ్చేవాడూ దెబ్బలు తినేవాడూ ఎక్కువగా ఒక్కడే అయ్యాడు. ట్యాంక్ మీద ఇంత బాధ్యత పడటానికి ఇదొక పెద్ద కారణం. దారి తెలిసి ఉండాలి, ఎంతమందిని లాగాలో తేల్చాలి, ఎక్కడ నిలబెట్టాలో చూడాలి, పైగా బతకాలి.

అగ్రో, అంటే మాబ్ కోపం ఎవరి మీద ఉందన్న సంగతి, ముందు చూసేద్దాం, ఎందుకంటే కొత్తగా ట్యాంక్ మొదలుపెట్టినవాళ్ల టెన్షన్ అంతా అక్కడే ఉంటుంది. ప్రతి మాబ్ దగ్గరా ఒక చిట్టా ఉంటుంది, ఎవరి మీద ఎంత కోపం అని. కొట్టిన దెబ్బలన్నీ అందులో జమ అవుతాయి, హీలింగ్ కూడా జమ అవుతుంది, ట్యాంక్ కొట్టే దెబ్బకి మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ వేస్తారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇంకో నియమం ఉంది. ట్యాంక్‌ని దాటితే సరిపోదు, దగ్గర నుంచి కొట్టేవాడు 110 శాతం, దూరం నుంచి కొట్టేవాడు 130 శాతం దాటితేనే మాబ్ అటు తిరుగుతుంది. అంటే ట్యాంక్ చిట్టాలో 10,000 ఉంటే పక్కన కత్తి పట్టుకున్నవాడు 11,000 దాటాలి, దూరంగా నిలబడ్డ మేజ్‌కి (మంత్రగాడికి) 13,000 దాకా చోటుంది. టాంట్ (మాబ్‌ని రెచ్చగొట్టి తన వైపు తిప్పుకునే స్కిల్) కొడితే చిట్టాలో పైన ఉన్నవాడి లెక్క ఎంతో అంత ట్యాంక్‌కి వచ్చేస్తుంది, కొన్ని సెకన్లు మాబ్ బలవంతంగా ఇటే కొడుతుంది. ఆ కొన్ని సెకన్లలో ట్యాంక్ గట్టి దెబ్బలు వెయ్యకపోతే మాబ్ మళ్లీ జారుకుంటుంది. టాంట్ కొట్టి హమ్మయ్య అనుకుని వేరే మాబ్ వైపు తిరిగిపోవడం అందుకే తప్పు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో లెక్క వేరు, అక్కడ టాంట్ 15 సెకన్లు ఉంటుంది, అది అయిపోకముందే మళ్లీ వెయ్యాలి.

ఇదంతా తెలిసి ఉండటం మంచిదే. కానీ ఆటలు తయారుచేసేవాళ్లే ఈ బరువును తగ్గిస్తూ వచ్చారు. 2011 ఆగస్టులో వార్‌క్రాఫ్ట్‌లో ట్యాంక్ దెబ్బకి పడే అగ్రోను మూడు రెట్ల నుంచి ఐదు రెట్లకి పెంచారు. 2019లో షాడోబ్రింగర్స్ అనే అదనపు భాగంతో ఫైనల్ ఫాంటసీ 14లో ట్యాంక్ స్టాన్స్ (అగ్రో పెంచే భంగిమ) వేసుకుంటే దెబ్బ బలం తగ్గే పద్ధతి తీసేశారు, స్టాన్స్ ఆన్ చేసి ఏరియా స్కిల్ రెండుసార్లు కొడితే చాలావరకు మాబ్‌లు అతుక్కుపోతాయి. ఇప్పటి ఆటల్లో అగ్రో పోయిందంటే ఎక్కువసార్లు స్టాన్స్ వేయడం మర్చిపోయారనో, ఒక మాబ్‌ని అసలు తాకనే లేదనో అర్థం. రెండోది మళ్లీ చోటు సమస్యే. దూరంగా ఉండిపోయిన విలుకాడికి ట్యాంక్ ఏరియా స్కిల్ అందలేదు, హీలర్ వేసిన మొదటి హీల్ మాత్రం దాని చిట్టాలో జమ అయింది.

ఇక గోడ చాటు పుల్ (మాబ్‌లను లాక్కొచ్చే పని) దగ్గరికి వద్దాం. చూడటానికి తేలికే, చేసేటప్పుడు ఎక్కువమంది చెడగొట్టేది మాత్రం ఇదే. మొదటి తప్పు మలుపు దగ్గరే ఆగిపోవడం. ట్యాంక్ గోడ అంచున నిలబడితే మొదటి మాబ్ చేరుకోగానే ఆగిపోతుంది, దాని వెనకవి తోక లాగా గది లోపలికి సాగిపోయి ఉంటాయి, కాస్టర్‌కి మలుపు దాటాల్సిన అవసరమే రాదు, అంచు నుంచే ట్యాంక్ కనబడుతుంటాడు. మలుపు తిరిగాక ఇంకో ఏడెనిమిది అడుగులు లోపలికి వెళ్లాలి, చివర వచ్చే కాస్టర్ కూడా గోడ దాటితే గానీ కనబడనంత లోపలికి. రెండో తప్పు ట్యాంక్‌ది కాదు. కాస్టర్ నడుచుకుంటూ వస్తుండగా ఓపిక లేని డీపీఎస్ ఒకడు గుమ్మానికి ఎదురుగా నిలబడి దాని మీద ఒక ఫైర్‌బాల్ వేస్తాడు. కాస్టర్‌కి ఇప్పుడు ఎదురుగా కనబడే మనిషి ఒకడు దొరికాడు, అక్కడే ఆగి అతన్ని కొట్టడం మొదలుపెడుతుంది. ట్యాంక్ చేసిన పనంతా ఆ ఒక్క ఫైర్‌బాల్‌తో పోయింది. కాబట్టి గోడ చాటుకి ట్యాంక్ ఒక్కడే వెళ్తే సరిపోదు, పార్టీ మొత్తం వెళ్లాలి, అన్నీ చేరేదాకా చేతులు కట్టుకోవాలి.

మూడో తప్పు ప్రాణాంతకం. గోడ శత్రువు చూపునే కాదు, హీలర్ చూపునీ అడ్డుకుంటుంది. ట్యాంక్ ఎవరికీ చెప్పకుండా మలుపు తిరిగి పరిగెత్తాడు, హీలర్ ఇంకా ఇవతలే ఉన్నాడు, హీల్ నొక్కితే టార్గెట్ కనబడటం లేదు అని మెసేజ్ వస్తోంది. నాలుగు సెకన్లు చాలు. ట్యాంక్ పడిపోయాక హీలర్ నిద్రపోయాడని తిట్టడం అలవాటైపోయింది గానీ, ఇలాంటి చావుల్లో చాలావాటికి ట్యాంక్ నిలబడ్డ చోటే కారణం. వెనక్కి లాగే పుల్‌కి ముందు హీలర్ ఎక్కడున్నాడో ఒకసారి చూసుకోవడం, "వెనక్కి లాగుతున్నా" అని రెండు మాటలు టైప్ చేయడం, ఇంతకంటే ఏం అక్కర్లేదు.

గోడ లేని చోట్ల వేరే మార్గాలు వెతుక్కోవాలి. దూరం నుంచి కొట్టే మాబ్ కాస్ట్ చేస్తుండగా దాన్ని ఇంటరప్ట్ చేస్తే లేదా సైలెన్స్ చేస్తే, చాలా ఆటల్లో అది మంత్రం వెయ్యలేక కాసేపు దగ్గరికి నడిచొస్తుంది. దగ్గరికి లాగే స్కిల్ ఉన్న క్లాసులైతే పని ఇంకా సులువు. వార్‌క్రాఫ్ట్‌లో 2008లో వచ్చిన డెత్ నైట్‌కి డెత్ గ్రిప్ ఉంది, ఎల్డర్ స్క్రోల్స్‌లో డ్రాగన్‌నైట్‌కి గొలుసు ఉంది. ఇవేవీ లేకపోతే కదలని కాస్టర్ దగ్గరికే మిగతా గుంపును తీసుకెళ్లడం ఒక్కటే దారి. రాయి రాకపోతే కొండే రాయి దగ్గరికి పోవాలి. ఇది చాలామందికి తట్టదు. గుంపు మధ్యలో నిలబడి రెండు కాస్టర్లు దూరంగా ఉన్నాయని బాధపడుతుంటారు గానీ, తాము పది అడుగులు జరిగితే గుంపే వాటి పక్కకి చేరుతుందని చూడరు.

మాబ్‌లను కుప్పపోయడం ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కలో తెలుస్తుంది. ఒక ఏరియా స్కిల్ తగిలిన ప్రతి మాబ్‌కీ 1,000 దెబ్బ వేస్తుంది అనుకుందాం. ఆరూ అందులో ఉంటే ఒక్క నొక్కుకి 6,000. రెండు బయట ఉంటే 4,000. ఇది ఒక్క డీపీఎస్ లెక్క, అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆరూ కలిసి 30 సెకన్లలో చచ్చే చోట, నాలుగు 30 సెకన్లలో చచ్చాక మిగిలిన రెండింటి కోసం మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. ఆ అదనపు సమయమంతా ఎవరో ఒకరు దెబ్బలు తింటూనే ఉంటారు, హీలర్ మానా ఖర్చవుతూనే ఉంటుంది. డీపీఎస్ బాగా తక్కువగా ఉంది అని పార్టీలో గొణుగుడు మొదలైనప్పుడు ఎవరు ఎంత కొట్టారో చూపే మీటర్ కంటే ముందు నేల చూడాలి. మాబ్‌లు ఎంత విస్తీర్ణంలో ఉన్నాయి అని.

ఇక్కడ ఒక చిన్న కిటుకు దగ్గరగా చూడదగ్గది. మాబ్‌లు వెంటపడి వస్తున్నప్పుడు వరసగా వస్తాయి, ట్యాంక్ ఆగగానే ఒక్కొక్కటి తన చేయి అందేంత దూరంలో ఆగుతుంది. ఫలితంగా ట్యాంక్ ముందు అర్ధచంద్రాకారంలో పరుచుకుంటాయి, కొన్ని పక్కలకి, ఒకటో రెండో వీపు వెనక్కి. అలా ఆగిన మరుక్షణం ట్యాంక్ వాటి మధ్య నుంచి దూసుకుపోయి అవతలికి నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగితే, అన్నీ ఒక్కసారి తిరిగి అతని వైపు జరుగుతాయి, ఈసారి చాలా బిగుతుగా, అన్నీ ఎదురుగానే. మొత్తం రెండు సెకన్ల పని. గుంపు చేరాక ఒకసారి, పూర్తిగా చేరకపోతే ఇంకోసారి. అంతకు మించి గిరగిరా తిరుగుతూ ఉంటే మాత్రం నేల మీద వేసిన ఏరియా స్కిల్స్ అన్నీ ఖాళీ నేలను కాలుస్తుంటాయి, డీపీఎస్‌లకి ఒళ్లు మండుతుంది. ఒకసారి కుదిరాక కదలకుండా నిలబడటం కూడా నైపుణ్యమే.

వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు వెనక్కి నడిచే కీ నొక్కి పట్టుకోవడం ఇంకో పాత జబ్బు. వార్‌క్రాఫ్ట్‌లో మామూలు పరుగు సెకనుకి 7 గజాలు, వెనక్కి నడక సెకనుకి 4.5 గజాలు. పక్కకి జరిగితే మాత్రం పూర్తి వేగమే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మౌస్‌తో దిశ తిప్పుతూ పక్కకి జరుగుతూ లాగుతారు, మొహం శత్రువు వైపు ఉంటుంది, వేగమూ తగ్గదు. మొహం ఎటుందన్నది ఊరికే అందం కోసం కాదు. ఆ ఆటలో వీపు మీద పడే దెబ్బని డాడ్జ్ చేయడం, కత్తితో ఆపడం, డాలు అడ్డుపెట్టడం ఏదీ కుదరదు. పైగా వెనక నుంచి మాబ్ కొడితే డేజ్ అయ్యి నడక నెమ్మదించే ప్రమాదం ఉంది. డాలు మీద ఎంత ఖర్చుపెట్టినా వీపు వెనక నిలబడ్డ మాబ్‌కి ఆ డాలు లేనట్టే లెక్క. పైన చెప్పిన మొదటి ట్యాంక్ హెల్త్ బార్ ఎందుకు అలా ఊగిపోయిందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

బాస్, అంటే పెద్ద శత్రువు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. గుంపు విషయంలో చోటు ముఖ్యం, బాస్ విషయంలో దాని మొహం ముఖ్యం. చాలా బాస్‌లకి ముందువైపు విసనకర్ర ఆకారంలో పడే దెబ్బ ఒకటి ఉంటుంది, నిప్పు ఊదడమో, అడ్డంగా గొడ్డలి తిప్పడమో. అది ట్యాంక్ ఒక్కడికే తగలాలి. బాస్‌ని పార్టీకి వీపు చూపించేలా తిప్పి నిలబెట్టడం ట్యాంక్ మొదటి ఐదు సెకన్లలో చేయాల్సిన పని.

వార్‌క్రాఫ్ట్ మొదటి రోజుల రెయిడ్ బాస్ ఒనిక్సియా దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. డంజన్ కాదు నిజమే, కానీ నలభైమందితో చేసే ఈ ఒక్క ఫైట్‌లో నిలబెట్టడానికి సంబంధించిన అన్ని చిక్కులూ ఉన్నాయి. ఆడ డ్రాగన్. మొహం వైపు నిలబడితే నిప్పు ఊదుతుంది. తోక వైపు నిలబడితే తోకతో విసిరేస్తుంది, గుహ పక్కల్లో గుడ్లు ఉన్న గుంటలున్నాయి, అందులో పడితే పిల్ల డ్రాగన్లు గుంపుగా లేచి మీద పడతాయి. రెక్కలతో కొట్టి ముందున్నవాడిని వెనక్కి తోస్తుంది కూడా. కాబట్టి ట్యాంక్ దాన్ని గుహ చివరి గోడ దగ్గరికి లాక్కెళ్లి, తన వీపు గోడకి ఆనించి, డ్రాగన్ మొహం గోడ వైపు ఉండేలా నిలబడాలి. తోసినా గోడే ఆపుతుంది. మిగతా పార్టీ మొత్తం డ్రాగన్ పక్కటెముకల దగ్గర, ఇటు కొందరు, అటు కొందరు. ట్యాంక్ కంగారుపడి ఒక్క పావు చుట్టు తిరిగితే చాలు, అప్పటిదాకా పక్కన క్షేమంగా ఉన్న ఇరవైమంది తోక కిందో నిప్పు ఎదురుగానో ఉంటారు.

వీపు గోడకి ఆనించడం ప్రతిచోటా మంచిది కాదు అని కూడా చెప్పుకోవాలి. గోడ దగ్గర కెమెరా దగ్గరకొచ్చేసి ఏమీ కనబడదు. నేల మీద పడే వలయాల నుంచి పక్కకి తప్పుకోవడానికి సగం చోటే మిగులుతుంది. తోసే దెబ్బ ఉన్న బాస్‌కి గోడ, లేని బాస్‌కి బయలు, అంతే.

బాస్‌ని కదలకుండా ఉంచడం వల్ల మెలీ (దగ్గర నుంచి కొట్టే) డీపీఎస్‌కి ఎంత లాభమో చాలామంది ట్యాంకులకి తెలియదు, ఎందుకంటే ఆ క్లాసులు వాళ్లు ఆడి ఉండరు. ఫైనల్ ఫాంటసీ 14లో మాంక్, డ్రాగూన్, నింజా, సమురాయ్ లాంటి వాటికి కొన్ని స్కిల్స్ వెనక నుంచి కొడితే ఎక్కువ, కొన్ని పక్క నుంచి కొడితే ఎక్కువ. పక్క నుంచి వెనక్కి వాళ్లు వేసే ఆ ఒక్క అడుగు లెక్కగా వేస్తారు. సరిగ్గా అప్పుడే ట్యాంక్ నేల మీది వలయం తప్పుకోవడానికి బాస్ చుట్టూ తిరిగాడంటే బాస్ కూడా తిరుగుతుంది, వాళ్ల దెబ్బ తప్పుతుంది. తప్పుకోవాల్సి వస్తే బాస్ గుండా అవతలికి వెళ్లి రావడం కంటే నేరుగా వెనక్కి రెండడుగులు వేసి మళ్లీ ముందుకి రావడం నయం, బాస్ మొహం ఎటున్నది అటే ఉంటుంది. వార్‌క్రాఫ్ట్ పాత వెర్షన్‌లో ఇంకో కారణం కూడా ఉండేది. డీపీఎస్ ముందు నుంచి కొడితే బాస్ కత్తితో ఆపేది, అలా ఆపిన ప్రతిసారీ దాని తర్వాతి దెబ్బ తొందరగా వచ్చేది. తప్పు డీపీఎస్‌ది, దెబ్బ ట్యాంక్‌కి.

నేల గురించి కూడా ఆలోచించాలి, ముఖ్యంగా ఆట నేలనే ఆయుధంగా చేసినప్పుడు. వార్‌క్రాఫ్ట్‌లో 2016లో లీజియన్ అనే అదనపు భాగంతో వచ్చిన మిథిక్ ప్లస్ (కష్టం పెంచుకుంటూ పోయే) డంజన్లలో సాంగ్విన్ అని ఒక అఫిక్స్ (అదనపు నియమం) చాలా సీజన్లపాటు ఉండేది. చచ్చిన మాబ్ కింద నెత్తుటి మడుగు ఒకటి ఏర్పడుతుంది, అందులో నిలబడ్డ మాబ్‌లకి హెల్త్ పెరుగుతుంది, మనుషులకి తగ్గుతుంది. ఇప్పటిదాకా చెప్పిన కుప్పపోయడం, కదలకుండా నిలబడటం ఇక్కడ పూర్తిగా బెడిసికొడుతుంది. మొదటి మాబ్ చావబోతుండగానే ట్యాంక్ గుంపును మెల్లగా పక్కకి జరపడం మొదలుపెట్టాలి, చచ్చాక జరిపితే ఆలస్యం. మరీ తొందరగా జరిపితే డీపీఎస్ వేసిన ఏరియా స్కిల్స్ వృథా. మాబ్‌ల హెల్త్ బార్లు చూస్తూ ఎప్పుడు కదలాలో అంచనా వేసుకునే ఆ రెండు మూడు సెకన్ల లెక్క ఏ గైడ్ చదివినా రాదు, మడుగుల్లో మాబ్‌లు కోలుకోవడం నాలుగుసార్లు చూస్తే వస్తుంది.

కూల్‌డౌన్ల (కాసేపు దెబ్బ తగ్గించే, వాడాక మళ్లీ కొంతసేపు దొరకని స్కిల్స్) సంగతికి వస్తే, ఎక్కువమంది వాటిని ప్రాణం పోయేటప్పుడు వాడే మందుగా చూస్తారు. హెల్త్ 20 శాతానికి పడ్డాక నొక్కుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. గుంపు మొత్తం బతికి ఉన్నప్పుడు, అంటే పుల్ మొదటి పది పదిహేను సెకన్లలోనే దెబ్బ అత్యధికం. సగం చచ్చాక దెబ్బ కూడా సగమే. కాబట్టి అన్నీ చేరి ఆగిన క్షణాన మొదటి కూల్‌డౌన్ పడాలి. అన్నీ ఒకేసారి వాడెయ్యడం కూడా దండగే, ఎందుకంటే శాతాలు కూడవు, గుణించుకుంటాయి. ఫైనల్ ఫాంటసీ 14లో రాంపార్ట్ 20 శాతం తగ్గిస్తుంది, రిప్రైజల్ చుట్టూ ఉన్న శత్రువుల దెబ్బ 10 శాతం తగ్గిస్తుంది. రెండూ కలిపితే 30 కాదు, 100లో 80, అందులో 90 శాతం, అంటే 72 మిగులుతుంది, తగ్గింది 28. ఒకదాని తర్వాత ఒకటి వాడితే రక్షణ ఎక్కువసేపు సాగుతుంది. పైగా రిప్రైజల్ దగ్గరగా ఉన్న శత్రువులకే తగులుతుంది, చెల్లాచెదురుగా ఉన్న గుంపు మీద వేస్తే సగం వృథా. చోటు కుదరని ట్యాంక్‌కి కూల్‌డౌన్లు కూడా సరిగ్గా పనిచేయవు.

ఫైనల్ ఫాంటసీ 14లో రెండు మూడు గుంపుల్ని ఒకేసారి పోగుచేసి, దారి మూసే తలుపు దాకా పరిగెత్తి అక్కడ చంపే పద్ధతి మామూలైపోయింది. ఒక ట్యాంక్, ఒక హీలర్, ఇద్దరు డీపీఎస్ ఉండే చిన్న పార్టీ. పరిగెత్తేటప్పుడు ప్రతి గుంపునీ ఒక్కసారైనా తాకుతూ పోవాలి, తాకనివి హీలర్ వెంట పడతాయి. మధ్యలో ఆగి అగ్రో గట్టి చేసుకుందాం అనుకుంటే ఆగిన చోట దెబ్బలు మొదలవుతాయి, పరిగెడుతున్నంతసేపూ చాలా మాబ్‌లు అందుకోలేక కొట్టవు. ఎంత పెద్ద పుల్ చేయాలన్నది ట్యాంక్ పౌరుషం మీద ఆధారపడే విషయం కాదు. ముందు గుంపుకి హీలర్ ఎంత కష్టపడ్డాడో, చేతిలో ఎన్ని కూల్‌డౌన్లు ఉన్నాయో చూసి తేల్చుకోవాలి. అలాగని ప్రతి మూడు మాబ్‌లకీ ఆగి ఊపిరి పీల్చుకునే ట్యాంక్ కూడా పార్టీకి విసుగే.

డీపీఎస్‌ల గురించి ఒక్క మాట. మాబ్ మీద పడిందంటే సహజంగా అందరూ దాని నుంచి దూరంగా పారిపోతారు, అంటే ట్యాంక్ నుంచి కూడా దూరంగా. మాబ్ వెంట వస్తుంది, ట్యాంక్ దాని వెంట పడాలి, ట్యాంక్ వెనక మిగతా గుంపు. పది సెకన్లలో గది మొత్తం ఊరేగింపు అయిపోతుంది. చేయాల్సింది సరిగ్గా వ్యతిరేకం. ట్యాంక్ దగ్గరికే పరిగెత్తాలి, ట్యాంక్ కొట్టే ఏరియా దెబ్బ ఆ మాబ్‌కీ తగిలి వదిలేస్తుంది. ఈ ఒక్కటి డంజన్‌కి ముందు చెప్పుకున్న పార్టీకీ చెప్పుకోని పార్టీకీ తేడా కళ్లకి కట్టినట్టు కనబడుతుంది.

గస్తీ తిరిగే మాబ్‌ల కోసం పది సెకన్లు ఆగడం, భయపెట్టే మంత్రం ఉన్న మాబ్‌ని క్లియర్ చేసిన గదిలోకి లాగి కొట్టడం, కెమెరా పూర్తిగా వెనక్కి లాగి పెట్టుకోవడం, మాబ్‌ల నేమ్‌ప్లేట్లు ఆన్ చేసుకోవడం, ఇవన్నీ చిన్నవే, చదివితే వచ్చేస్తాయి.

చివరగా, ఓడిపోయే పుల్. అనుకోకుండా రెండో గుంపు కలిసింది, కూల్‌డౌన్లు అయిపోయాయి, హీలర్ మానా లేదు. వైప్ (పార్టీ మొత్తం చావడం) ఖాయం అని ట్యాంక్‌కి అందరికంటే ముందు తెలుస్తుంది. అప్పుడు నిలబడ్డ చోటే చివరిదాకా పోరాడటం చూడటానికి బాగుంటుంది, కానీ గది మధ్యలో ఐదు శవాలు పడితే, మాబ్‌లు తమ చోటికి తిరిగి వచ్చాక ఆ శవాల్ని లేపడానికి మళ్లీ వాటి మధ్యకే వెళ్లాలి. అందుకే ఆరితేరిన ట్యాంక్ హీలర్‌ని బయటికి పొమ్మని చెప్పి, మాబ్‌లన్నింటినీ తన మీద పెట్టుకుని గది అవతలి మూలకి పరిగెడతాడు. హీలర్ వచ్చిన దారినే వెనక్కి, ట్యాంక్ వ్యతిరేక దిశలో. డీపీఎస్‌లు వీలైతే గుమ్మం దాటి పడతారు. ట్యాంక్ శవం ఒక్కటే లోపల మిగులుతుంది, గోడ దగ్గర, గస్తీ దారికి దూరంగా, బయట గుమ్మం నుంచి చూస్తే కనబడే చోట.